ఏడడుగుల ఖాళీ

తుంబలహళ్లి అంజనమ్మ తన భర్త చనిపోయాడని కోర్టులో రుజువు చేయవలసి వచ్చింది. ఆయన చనిపోయాడని ఆమె ఒక్కరోజు కూడా నమ్మలేదు.

సుబ్బరాయన్ 2016లో ఒక సోమవారం పొద్దున మోటారు సామాను కొనడానికి పెన్నాగరం పోయి తిరిగి రాలేదు. ఇంట్లో గొడవ లేదు, ఒంట్లో జబ్బు లేదు. మధ్యాహ్నం బస్టాండులో టీ తాగుతుంటే ఊరివాడొకడు చూశాడు, అంతే. అంజనమ్మ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది, పేపరులో ఫోటో వేయించింది, హొగెనకల్ పోయి కావేరిలో పుట్టి నడిపేవాళ్లందరినీ అడిగింది.

ఏడేళ్లు గడిచాయి. బావి మోటారుకు కొత్త కనెక్షన్ అడిగితే ఆఫీసులో ఆయన సంతకం కావాలన్నారు. భూమి ఆయన పేరున ఉంది మరి. ఏడేళ్లు ఏ కబురూ లేని మనిషిని చనిపోయినట్టే ఎంచే చట్టం ఉందని కూతురు సుగన్య విని, తల్లిని ధర్మపురిలో వకీలు మోహనప్రియ దగ్గరికి తీసుకుపోయింది.

ఆ తమిళ జిల్లాలో వీళ్లలాగే మోహనప్రియది కూడా తెలుగిల్లే, అంజనమ్మను అత్తా అనే పిలిచింది. ఆమె చార్టు కాగితాలు అతికించి, ఏడాదికి ఒక అడుగు చొప్పున గీత గీసింది. మొదటి జానెడులో ఎర్ర చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి: ఫిర్యాదు, ప్రకటన, వెతికిన ఊర్లు. ఆపైన చివరిదాకా తెలుపే.

"కాగితాల కట్ట చదివి వినిపిస్తే జడ్జిగారి మనసుకెక్కదత్తా. ఇది గోడకు తగిలిస్తే ఒక్క చూపులో తెలుస్తుంది. ఈ ఖాళీయే మన సాక్ష్యం."

అంజనమ్మ చాలాసేపు ఆ తెలుపునే చూసింది. ఆమెకు అందులో ఖాళీ ఎక్కడా కనపడలేదు. తండ్రి లేకుండా జరిగిన సుగన్య పెళ్లి ఉంది. వాన రాని రెండేళ్లున్నాయి. కుక్క మొరిగినప్పుడల్లా తలుపు తీసి చూసిన దినాలున్నాయి.

నాలుగో అడుగు మీద వేలు పెట్టింది. "ఇక్కడ ఒకటుంది పాపా."

"ఏముందత్తా?"

"ఆడి నెలలో ఫోను వచ్చింది. తెలియని నంబరు. ఎవరన్నాను. మాట లేదు, ఊపిరి మాత్రం వినిపించింది. కొంచేపుండి పెట్టేసినారు. మళ్లీ నేను చేస్తే పోలేదు. ఎవరికీ చెప్పలేదు."

"ఇప్పుడూ చెప్పద్దమ్మా, కేసు పోతుంది," అంది సుగన్య.

మోహనప్రియ నీలం పెన్ను తీసింది. "ఒక్కటి దాచినామంటే తక్కిన చుక్కలు కూడా ఎవరూ నమ్మరు," అని అక్కడ నీలం చుక్క పెట్టింది.

విచారణ రోజు ప్రభుత్వ వకీలు సరిగ్గా ఆ చుక్క దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. తమిళంలో అడిగాడు: "ఈ ఫోను చేసింది మీ భర్తేనా? ఆయన గొంతు విన్నారా?"

అవునంటే చాలు, ఆయన బతికున్నట్టే. ఇంతమంది ముందు, కోర్టు కాగితాల్లో బతికున్నట్టే. ఇన్నేళ్లుగా ఆ ఊపిరిని పట్టుకునే ఆమె రోజులు గడిపింది. బోనులో కట్టెను గట్టిగా పట్టుకుంది.

"లేదు సామీ. గొంతు వినలేదు."

"మరి ఎవరనుకున్నారమ్మా?" అని జడ్జి మెల్లగా అడిగాడు.

"ఆయనే అనుకున్నాను. ఇప్పటికీ అట్లే అనుకుంటాను. కానీ మాట వినలేదు."

జడ్జి ఆ కాగితాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, ఏదో రాసుకున్నాడు.

మరుసటి నెల తీర్పు వచ్చింది. ఎవరిదో తెలియని ఫోనును కబురుగా తీసుకోలేమని, సుబ్బరాయన్‌ను మరణించినట్టే ఎంచాలని అందులో ఉంది. పట్టా మారింది. కొత్త కనెక్షన్ వచ్చి మోటారు తిరిగింది.

ఆ వారమే ఆడబిడ్డ రంగమ్మాళ్ వచ్చింది. "కోర్టే చెప్పేసింది గదా వదినా. కర్మ చేసేద్దాం. తిథి ఏ దినం పెట్టుకుందాం?"

"పోయినాడని రాసినారు గానీ ఎప్పుడు పోయినాడో రాయలేదు రంగమ్మా. ఆ దినం తెలిసినప్పుడు చేద్దాం. నువ్వు రా, అన్నం తిను," అని అంజనమ్మ ఆకు వేసింది.