నొప్పి లేని చోటు

ఆ రోజు క్లాసులో బోర్డు మీద నేను రాసిన అక్షరాలు నాకే అలుక్కుపోయి కనిపించాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. ఇన్సులిన్ ఏనాడూ మానలేదు. అయినా షుగర్ చూస్తే ఆకాశాన్నంటింది.

అమీర్‌పేటలో నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో మధ్యాహ్నం ఇంజెక్షన్‌కు బీరువా చాటే దిక్కు. బయట తర్వాతి బ్యాచ్ తలుపు బాదుతుంటుంది. చీరలో ఉన్న మనిషికి అక్కడ తొడ ఎలా అందుతుంది? రవికె కింద, ఎడమవైపు బయటికి కనిపించే పొట్టలోనే ఏళ్ల తరబడి పొడుచుకున్నాను. పైగా అక్కడ నొప్పి తెలిసేది కాదు.

డాక్టర్ డోసు పెంచారు. మళ్లీ పెంచారు. "స్వీట్లు మానలేకపోతున్నారా అమ్మా?"

"మా ఇంటికొచ్చి డబ్బాలు వెతకండి," అన్నాను.

ఇంట్లో మా ఆయన అప్పటికే ఆ పని చేస్తున్నారు. "చాటుగా ఏమన్న తింటున్నవా? నిజం చెప్పు."

"నా నోరు వాసన చూస్కో, పో!"

కసిరానే గానీ, దొంగను చూసినట్టు చూస్తుంటే ఒంట్లో ఉన్న కాస్త ఓపికా పోయింది. ఇలాగే ఉంటే చూపు దెబ్బతింటుందని కంటి డాక్టర్ చెప్పాక, పంజాగుట్టలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ రిపోర్టులు పక్కన పెట్టి, "ఎక్కడ వేసుకుంటున్నారో చూపించండి," అన్నారు. అంతవరకు ఎవరూ అడగని మాట. ఆవిడ నొక్కిన చోట చర్మం కింద రబ్బరు ముద్దలా తగిలింది.

"లైపోహైపర్‌ట్రఫీ. ఒకేచోట పొడిస్తే కొవ్వు ఇలా పేరుకుంటుంది. మందు సరిగ్గా ఒంటికి పట్టదు."

"అక్కడైతే నొప్పే లేదు కదా డాక్టర్?"

"అందుకే మీరు చోటు మార్చలేదు."

మా ఆయన ముందుకు వంగారు. "అయితే ఈమె ఏం తిన్లేదంటరా మేడమ్?" పక్కనే ఉన్నాను, నన్ను అడగొచ్చుగా!

"తినలేదని ఆవిడ చెబుతూనే ఉన్నారుగా!"

ఆవిడ చోటు మార్చమన్నారు. కొత్త చోట మందు బాగా పనిచేస్తుందని డోసు తగ్గించారు. అయినా ఒకరోజు పంజాగుట్ట ట్రాఫిక్‌లో, స్కూటర్ మీద ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. షుగర్ పడిపోయింది. మా ఆయన చెరుకురసం బండి దగ్గర ఆపారు.

"జల్దీ తాగు. నేనే తాగమంటున్న గదా!"

"గా మాట కాగితం మీద రాసియ్యి."

ఆయన నవ్వలేదు. గ్లాసు నా నోటి దగ్గరే పట్టుకుని నిలబడ్డారు. డాక్టరమ్మ డోసు ఇంకా తగ్గించారు.

ఇప్పుడు పొట్టకు రెండువైపులా, ఇంట్లో ఉంటే తొడలకు, ప్రతిసారీ కాస్త జరిపి వేసుకుంటాను. క్లాసుకు చుడీదార్‌లో వెళ్తున్నాను. ఈ వయసులో ఇదేంటన్నవాళ్లకు జవాబిచ్చే తీరిక లేదు. ముద్ద తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. చూపు నిలబడింది. అలసట ఉంది.

చెప్పేదొక్కటే: పొడిచేముందు వేళ్లతో తడమండి. ముద్ద తగిలితే, ఎంత సుఖంగా ఉన్నా ఆ చోటు వద్దు. అయితే కొత్త చోట పాత డోసు ఎక్కువైపోవచ్చు, చోటు మార్చేముందే డోసు సంగతి డాక్టర్‌ని అడగండి. పొట్ట చూడకుండానే డోసు పెంచుతుంటే కుర్చీలోంచి లేవకండి. చూశాకే లేవండి.