గూడుబండిలో క్రిస్మస్

ఏలూరులో దొరసానుల మిషన్ బడి పెద్ద పంతులమ్మగారు క్రిస్మస్ సెలవుల్లో గూడుబండి కట్టుకుని ఊళ్లు తిరిగేవారు. వంటా పడకా అందులోనే. ఎడ్లను తానే తోలేవారు. తొందరపెడితే "ఊరెక్కడికి పోతుందండీ?" అనేవారు.

బడిలో కొత్త పంతులమ్మగా చేరిన నన్ను పండక్కి తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో దింపుతానని ఎక్కించుకుని, కొల్లేరు చూపించడానికి బండి అటు మళ్లించారు. పండగ ముందురోజు గట్టుమీద ఇరుసు విరిగింది.

"అమ్మ ఎదురుచూస్తుంటుందండీ!" అని ఏడ్చేశాను.

"తప్పు నాదేనమ్మా," అని నా కళ్లు తుడిచి, పొయ్యి వెలిగించారు.

పండగ పొద్దున లంకవాళ్లు చేపలు తెచ్చిస్తే పులుసు పెట్టారు. బొంగురు గొంతుతో ఆవిడ పాట ఎత్తుకోగానే కొల్లేటి కొంగలన్నీ లేచిపోయాయి. నాకు నవ్వాగలేదు.

కొత్త ఇరుసు వేయించుకుని నాలుగు రోజులు ఆలస్యంగా ఇల్లు చేరితే అమ్మ బాగా తిట్టింది. మరుసటి ఏడాది సెలవులు రాకముందే నేనే వెళ్లి ఆవిణ్ణి అడిగాను: "ఎప్పుడు బయల్దేరదామండీ?"