కణత మీది నరం

షెఫీల్డ్ ఆసుపత్రిలో నేను రిజిస్ట్రారు డాక్టరుగా ఉన్న రోజుల్లో, కుడికన్ను చూపు హఠాత్తుగా పోయిన ఒక పెద్దావిడ మా వార్డులో చేరింది. స్కూల్లో డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరైంది. కొన్ని వారాలుగా తలనొప్పి, దువ్వెన తగిలితే మాడు మంట, రొట్టె నమిలితే దవడ నొప్పి. సర్జరీకి, అంటే అక్కడి జీపీ డాక్టరు క్లినిక్కుకి, వెళ్ళినప్పుడల్లా పారాసెటమాల్ వేసుకోమని పంపించేశారట.

ఆమె కణత మీద వేలు పెట్టాను. చర్మం కింద నరం ఉబ్బి, తాడులా గట్టిగా తగిలింది. రక్తనాళాల వాపు. సకాలంలో స్టెరాయిడ్లు ఇస్తే చూపు నిలుస్తుంది, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. రెండో కన్నయినా దక్కాలని అప్పటికప్పుడే మందు మొదలుపెట్టాం.

మర్నాడు ఆవిడ కూతురి చేత ఒక లావుపాటి పుస్తకం తెప్పించి నాకు చూపించింది. దాదాపు ఆరువందల ఏళ్ళ కిందట బ్రూజ్ నగరంలో బతికిన ఫ్లెమిష్ చిత్రకారుడు వేసిన పటం. మేరీమాత ముందు మోకరిల్లిన ముసలి మతాధికారి, చేతిలో కళ్ళద్దాలు. కణత మీద మెలికలు తిరిగిన నరం. చెవి ముందు జుట్టు రాలిన చోటును కూడా చిత్రకారుడు వదల్లేదు.

“ఈ పటం వేసినాయన ప్రభువు కొలువులో జీతగాడు. దూతగా దేశాలు కూడా తిరిగాడు,” అందావిడ. “పటం చేయించుకున్న పెద్దమనిషిని అందంగా చూపించి మెప్పు పొందొచ్చు. ఆ పని చేయలేదు. కనిపించిందంతా వేశాడు.”

నాకు ఒళ్ళు మండింది. వైద్యం చదవని మనిషి కంటికి ఆనింది, చదివిన మాకు ఆనలేదు.

ఆమె జీపీ మన తెలుగాయనే. ఉగాది సభల్లో అందరం అంకుల్ అని పిలిచేవాళ్ళం. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాను.

“అంకుల్, ఒక్కసారైనా ఆవిడ తల ముట్టుకుని చూశారా?”

“ఏంటమ్మా ఆ అడగడం? ఆ వయసులో తలనొప్పి రాదా ఏంటి? ఒక్కో పేషెంటుకి పది నిమిషాలు. నువ్వు సర్జరీలో కూర్చుంటే తెలిసేది.”

“చెయ్యి వెయ్యడానికి పది నిమిషాలు పట్టదండీ.”

“పెద్దా చిన్నా లేకుండా మాట్లాడుతున్నావ్,” అని పెట్టేశారు.

ఇంట్లో మావారు, “మనవాళ్ళేగా, ఎందుకు రచ్చ? వదిలెయ్,” అన్నారు.

“పోయిన కన్ను మనవాళ్ళదైతే వదిలేసేవాళ్ళమా?” అన్నాను.

ముందే పట్టుకుని ఉంటే చూపు దక్కేదేమోనని తల్లీకూతుళ్ళకు దాచకుండా చెప్పాను. ఫిర్యాదు ఎక్కడ చేయాలో కూడా చెప్పాను. కూతురు చేసింది. సర్జరీ వాళ్ళు విచారం వెలిబుచ్చి చేతులు దులుపుకున్నారు. తర్వాతి ఉగాదికి అంకుల్ నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. నాకు తలపొగరని ఆంటీ నలుగురిలో అందట. అననీ.

ఎడమకన్ను నిలిచింది. ఆ వేసవిలో ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని బ్రూజ్ వెళ్ళి ఆ పటం చూసొచ్చింది.

“చాలా పెద్దది. ఒక్క కన్నేగా, మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ చూశాను,” అంది క్లినిక్కులో, నవ్వుతూనే.

నాకు నవ్వు రాలేదు.