పాత ఇంజనుకు కొత్త నూనె

సాలూరు నుంచి వచ్చిన లారీ డ్రైవరు విజయనగరంలో మా పత్రిక ప్రెస్సు గుమ్మంలోనే నిలబడి, "మీ మావ పోయాడు బాబూ, తెల్లారగట్ల," అన్నాడు. మా మేనమామ. నలభై ఏళ్లు లారీలు బాగుచేసిన మేస్త్రి. అంత్యక్రియల దగ్గర ఒక పెద్దమనిషి "చదువు లేకపోయినా మంచివాడు" అన్నాడు. ఆ "లేకపోయినా"తోనే నాకు పేచీ. అందుకే ఇది రాస్తున్నాను.

మూడేళ్ల కిందటి మాట. నాకు రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి మిలిటరీ మోటారు సైకిలు ఉండేది. కోటబొమ్మాళి పక్క ఊళ్లలో కౌలురైతుల మీటింగులకు నన్ను మోసింది అదే. విడిభాగాలు దొరకవు, అది ఆగితే నేను ఆగినట్టే. అప్పుడే లారీలకు కొత్త రకం ఇంజనాయిలు వచ్చింది. ఇంజన్ని లోపల కడిగేస్తుందని డబ్బా మీద అచ్చేశారు. లారీకి పడింది లోకానికంతా పడుతుందని, ఇంటింటా లారీల మాటే నడిచే సాలూరులో ఒక నమ్మకం. నేనూ డబ్బా పట్టుకుని మావయ్య షెడ్డుకు వెళ్లాను.

"పాతది దించేసి ఇది పొయ్యి మావా. ఎల్లుండి మీటింగుంది."

"పొయ్యను."

"లారీలన్నీ ఇదే తాగుతన్నాయి కదా. నా బండికేటి రోగం?"

"కొత్త లారీకి లోపల మడ్డుండదురా అల్లుడా. నీ బండిలో ఇరవయ్యేళ్ల మడ్డున్నాది. ఇది పోస్తే ఏటవుతాదో నాకు తెల్దు. సూద్దాం."

తెల్దు. నా వ్యాసాల్లో ఎక్కడా నేను వాడని మాట. కొత్తంటే భయపడే మనిషివని తిట్టాను. ఆయన వినిపించుకోలేదు. ఇంజను మూత విప్పి, గోడలకంటిన మడ్డిని చెంచాతో గీకి రెండు గాజుసీసాల్లో వేశాడు. ఒకదానిలో పాత రకం నూనె పోశాడు, రెండోదానిలో కొత్తది. వారం కదపకూడదన్నాడు.

"మరి మీటింగో?"

"రైల్లో ఎల్లు."

"రైలు ఊళ్లలోకి వస్తాదా మావా?"

"టేసన్నించి నడు. రైతులు నడవట్లేదేటి?"

తిట్టుకుంటూ నడిచాను. వారం తర్వాత తిరిగొచ్చి చూస్తే, పాత నూనెలో మడ్డి అడుగున అలాగే కూర్చుంది. కొత్త నూనె నల్లబడిపోయింది. మడ్డి పెచ్చులు పెచ్చులుగా ఊడి తేలుతోంది.

"కల్తీ సరుకు," అన్నాను.

"నల్లబడిందంటే పని సేస్తన్నట్టురా. ఈ పెచ్చులు సూడు. నీ ఇంజన్లో నూనె ఎల్లే దారి సూది బెజ్జమంత. అందులో ఇయ్యి అడ్డం పడితే?"

డబ్బా మీది అక్షరాలు చదివిన నేను నమ్మేశాను. చదవలేని ఆయన మడ్డినే అడిగాడు. శాస్త్రీయ దృక్పథమని వేదికలెక్కి గొంతు చించుకునే మనం ఇద్దరిలో ఎవరి పక్షమో తేల్చుకోవాలి. ఇది విని, సమాజంలో మార్పు మెల్లగా రావాలన్నాడు కాబోలు మావయ్య అని సంబరపడే పెద్దలకూ ఒక మాట. ఆయన కొత్త నూనె వద్దనలేదు. ముందు మడ్డి గీకాలన్నాడు. అది మీరు ఏనాడూ చేయని పని.

గీకడానికి రెండు రోజులు పట్టింది. కొత్త నూనె పోసి, పది మైళ్లు నడిపించి, వేడి మీదే దించేశాడు. తారులా ఉంది. మళ్లీ పోసి మళ్లీ దించాడు. డికాక్షను రంగు. మూడోసారి పోసి, నడిపించి, కింది నట్టు కాస్త వదులు చేసి గోరువెచ్చటి నూనె అరచేతిలో పట్టాడు.

"ఒరే, సేతి గీతలు కనబడతన్నాయి. ఇటు సూడు."

చూశాను. నూనె అడుగున గీతలు, ఆ గీతల్లో ఎన్ని సబ్బులకూ వదలని మసి.

"ఇది మళ్లీ ఎన్ని మైళ్లకి నల్లబడతాదో," అన్నాడు. నాతో కాదు.

నట్టు బిగించాడు. నేను బండెక్కాను. మలుపు దగ్గర వెనక్కి చూస్తే, షెడ్డు ముందు నిలబడి అరచేతిని ఎండలో అటూ ఇటూ వంచి చూసుకుంటున్నాడు.