రాహుకాలంలో తీసిన బ్యాకప్

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. రాహుకాలం, వర్జ్యం కూడా నాకు తమాషానే. ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. ఏడాదిగా కడుపులో పెట్టుకుని తిరగడం చేతకాక రాస్తున్నాను.

తిరుపతి కొర్లగుంటలో మాది చిన్న హోస్టింగ్ ఆఫీసు. ఓనరు మునిరత్నమన్న, నేను, అంతే. ఒక పెద్ద మెషీన్‌ను ఇంటిని వాటాలు చేసినట్టు వర్చువల్ సర్వర్లుగా విడగొట్టి స్కూళ్లకూ షాపులకూ ఇస్తుంటాం. వాటిని నడిపే కంట్రోల్ ప్యానెల్ పాతబడింది. పదకొండు సర్వర్లను కొత్త ప్యానెల్‌కు మార్చాలి. పాత మెషీన్‌ను ఆ ఆదివారం సాయంత్రానికే ఖాళీ చేసి అప్పగించాలి.

శనివారం పది సర్వర్లకు బ్యాకప్ తీసి, వేరే మెషీన్‌లో దాచాను. పదకొండోది చిత్తూరు సులోచనమ్మది. ఆమె రిటైరైన నర్సు. అరుదైన గ్రూపు రక్తం ఇచ్చేవాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ ఏళ్ల తరబడి ఒక్కొక్కటే పోగుచేసి ఆ సైటులో పెట్టుకుంది. చిన్నదే కదా, మార్చేముందు తీద్దాంలే అని వదిలేశాను. నా బద్ధకం అలాంటిది.

ఆదివారం మధ్యాహ్నం నుంచీ మునిరత్నమన్న నెత్తిన కూర్చున్నాడు.

“నాలుగున్నరకు రాహుకాలం పట్టుకుంటాదప్పా. ఆలోపల మొదలుపెట్టేసెయ్. మొదలైనాక దాని పాటికి అది పోతాది. ఆరు దాకా మనం మాత్రం చెయ్యి పెట్టొద్దు.”

నాలుగూ ఇరవైకి పదకొండూ ఒకేసారి మొదలుపెట్టాను. సులోచనమ్మ బ్యాకప్ సంగతే గుర్తు రాలేదు. ఆఫీసుకు తాళం వేసి, ఇద్దరం కింద టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. తాళంచెవి అన్న జేబులో ఉంది. రాహువుకు మన పాస్‌వర్డ్ తెలుసా అన్నా అని ఆయన్ను ఆటపట్టించాను కూడా.

ఆరుకు పైకి వచ్చేసరికి అన్నీ పూర్తయ్యాయని స్క్రీన్ మీద ఉంది. ఒక్కటీ తెరిచి చూడకుండానే పాతవాటిని తుడిచేశాను.

ఆరున్నరకు సులోచనమ్మ ఫోన్ చేసింది.

“నాయనా, సైటు తెరుచుకోలేదే. బంగారుపాళ్యం పాపకు రేపు పొద్దున రక్తం ఎక్కించాల. ఇచ్చేవాళ్ల నంబర్లన్నీ ఆడనే ఉండాయి. నా దగ్గర కాయితం ముక్క కూడా లేదు.”

కొత్త ప్యానెల్‌లో ఆమె సర్వర్ పేరుంది. లోపల ఏమీ లేదు. డిస్క్ ఖాళీగా వచ్చింది. పాప వయసెంతమ్మా అని ఎందుకడిగానో తెలీదు. ఎనిమిదేళ్లు అంది.

పది నిమిషాల్లో వచ్చేస్తుందని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను. బ్యాకప్‌లు దాచిన మెషీన్ తెరిచాను. ఆశతో కాదు, అన్న ముందు ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలని. పది ఉండాల్సిన చోట పదకొండు ఉన్నాయి.

పదకొండోది సులోచనమ్మ సైటే. ఒక్క పేరు కూడా పోలేదు. పావుగంటలో ఎక్కించేశాను. ఆమె ఫోన్లు మొదలుపెట్టింది. తెల్లారి వడమాలపేట నుంచి ఒకాయన మొదటి బస్సుకే బయల్దేరాడు. పాపకు వేళకు రక్తం అందింది.

నేను రికార్డు చూసింది ఆ తర్వాతే. బ్యాకప్ తీసిన సమయం ఆదివారం సాయంత్రం ఐదు గంటల నాలుగు నిమిషాలు. తీసింది నా లాగిన్‌తో, మా ఆఫీసు కంప్యూటర్ నుంచి.

ఆటోమేటిక్ బ్యాకప్‌ను శనివారం నేనే ఆపేశాను. చేత్తో తీయాలంటే ప్రతిసారీ నా ఫోన్‌కు వచ్చే ఆరంకెల కోడ్ కొట్టాలి. శనివారం వచ్చిన పది కోడ్‌లూ ఫోన్‌లో ఉన్నాయి. ఆదివారం ఒక్కటీ లేదు. ఐదూ నాలుగుకు నేను టీ కొట్టు బల్ల మీద కూర్చుని మా ఆవిడతో మాట్లాడుతున్నాను, ఆ కాల్ వివరం కూడా ఫోన్‌లో ఉంది. మెట్ల దగ్గర కెమెరాలో చూస్తే ఎవరూ పైకి ఎక్కలేదు. మెషీన్ గడియారం తప్పేమో చూశాను. సరిగ్గానే ఉంది.

మునిరత్నమన్నకు చూపించాను. ఆయన చాలాసేపు చదివి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“ఎవురు తీసినా తీసినారు. దండం పెట్టుకో. తవ్వొద్దబ్బా.”

తవ్వకుండా ఉండలేకపోయాను. ఏమీ దొరకలేదు. ఇప్పటికీ ఆఫీసులో ఒంటరిగా కూర్చుంటే వీపు గోడకు ఆనించుకుంటాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మరుసటి వారం సులోచనమ్మ చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చింది. నా కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నువ్వు ముందుచూపుతో తీసిపెట్టినావు కాబట్టి ఆ బిడ్డ గట్టెక్కింది. సల్లని చెయ్యి నాయనా నీది.”

నిజం చెప్పలేదు. చెయ్యి కూడా వెనక్కి తీసుకోలేదు. ఆ చెయ్యి ఆరోజు చేసిందల్లా తుడిచెయ్యడమే. తీసిపెట్టిన చెయ్యి ఎవరిదో నాకు ఈరోజుకీ తెలీదు.