గోంగూర పప్పులో గుడ్డు

మోకాళ్ల నొప్పులని వెళితే, డాక్టరమ్మ ఒంట్లో ప్రోటీన్ లేదంటూ రోజూ రెండు గుడ్లు తినమంది. నాకు ఇప్పటికీ ఆ వాసన పడదు. ఇంటికొచ్చి, ఉడికిన గుడ్డు చిదిమి గోంగూర పప్పులో కలుపుతుంటే మస్తాన్‌బీ పిన్ని గుర్తొచ్చింది.

ఎనభైల్లో నరసరావుపేటలో మా పక్కింటావిడ. టైఫాయిడ్ నుంచి లేచాక నేను పుల్లలా అయిపోయాను. గుడ్డు పెట్టమన్నారు. నాకేమో చూస్తేనే వాంతి. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం పిన్ని సత్తుగిన్నెలో గోంగూర పప్పు తెచ్చేది. ఆ పులుపుకి, ఎండుమిరప ఘాటుకి లొట్టలేసుకుంటూ మారు అన్నం పెట్టించుకునేదాన్ని.

నెల తర్వాత ఒకరోజు పంటి కింద పెంకు ముక్క తగిలింది. మోసం తెలిసి, ఉక్రోషంతో వాళ్ల పెరట్లోకి పరిగెత్తాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, గంప కింద కిచకిచలాడే కోడిపిల్లలు. పిన్ని గుడ్లన్నీ బియ్యం కుండలో దాచి, ఒకేసారి కోడి కింద పొదగేసేది. ఆ పిల్లల్ని పెంచి అమ్ముకోవడమే ఆవిడ బతుకు. ఆ ఏడు గంప ఎత్తి చూస్తే కింద ఏమీ లేదు.

నా కోపం ఎటు పోయిందో. "పిన్నీ, ఈసారి కోడిని పొదగెయ్యలేదేంది?" అన్నాను.

పిన్ని నా జబ్బ పట్టుకుని, కండ పట్టిందో లేదో నొక్కి చూసింది.

"ఎందుకెయ్యలేదే? అన్ని గుడ్లకీ ఒక్క పిల్లే అయింది. చానా మొండిది, గుడ్డంటే పడదంట."