అంతా నిండుకుంది

మా పక్క అపార్ట్‌మెంట్ అక్కయ్యగారు మొన్న మంగళవారం పోయారు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. నన్నడిగితే వెయిటింగ్ లిస్టుల్లో నిలబడి నిలబడి అరిగిపోయింది.

ఎడిసన్‌లో చీరల కొట్లో ఏళ్ళ తరబడి ఫాల్సులు కుట్టిన మనిషి. నా మనవరాళ్ళ లంగాలన్నీ ఆవిడ చేతివే, ఒక్క కుట్టూ ఊడలేదు. భర్త పోయాక, ఏటేటా పెరిగే అద్దె భరించలేక, ఆదాయాన్ని బట్టి అద్దె తీసుకునే ఇంటికోసం న్యూజెర్సీ అంతా వెతికారు. డ్రైవర్ని నేను. ఒక ఊళ్ళో ఆవిడ ఆదాయం ఎక్కువన్నారు. పక్క ఊళ్ళో అదే ఆదాయం మరీ తక్కువన్నారు.

"దారిలో ఎక్కడో సరిగ్గా సరిపోయే చోటు ఉండే ఉంటుందమ్మా. నువ్వే స్పీడుగా పోనిచ్చావు" అన్నారావిడ.

చివరికి ప్లెయిన్స్‌బరో దగ్గర వయసు మళ్ళినవాళ్ళ బిల్డింగొకదాంట్లో వంతు వచ్చింది. ఫోన్‌లో ఇంటర్వ్యూ. తెలుగు కోసం ఇక్కడే పుట్టిన అమ్మాయిని లైన్లో పెట్టారు.

"ఆంటీ, బ్యాంక్‌లో సేవింగ్స్ ఏమైనా ఉన్నాయా?"

డబ్బాలో బియ్యం అయిపోయినా "లేవు" అనని ఇల్లాలు ఆవిడ. "ఎక్కడమ్మా, ఆయన ఆస్పత్రితోనే అంతా నిండుకుంది" అన్నారు.

ఆ పిల్ల దాన్ని ఇంగ్లీషులో "ఫుల్" చేసింది. అక్కయ్యగారి ఇంగ్లీషు చీరల రంగుల దాకే. ఖాతా నిండా డబ్బున్నవాళ్ళకు ఇల్లు ఇవ్వబోమని వారానికి జవాబొచ్చింది.

"లేదని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయేది?" అని కసిరాను.

"పోవడానికి సొమ్మెక్కడిది? నిండుకుందన్నాగా."

ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఆ బిల్డింగులోనే ఉన్న ఆఫీసుకు వెళ్ళి పోట్లాడాను. పొరపాటు తమదేనన్నారు. కానీ ఆ ఇల్లు అప్పటికే వేరేవాళ్ళకు ఇచ్చేశారట. చాలా మర్యాదగా అక్కయ్యగారిని మళ్ళీ లైను చివర నిలబెట్టారు. ఈ దేశంలో మర్యాదకు మాత్రం వెయిటింగ్ లిస్టు లేదు.

తిరిగి చూస్తే ఆవిడ నా పక్కన లేరు. కారిడార్లో వెతుక్కుంటూ వెళితే, ఇచ్చేశామని నంబరు చెప్పిన ఆ ఇంటి తలుపే తీసి ఉంది, రంగులు ఆరడానికి. లోపల కిటికీ కింద, ఎండలో, గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"లేవండి అక్కయ్యగారూ, ఇది మనది కాదు."

"తెలుసు. కాళ్ళు చాపుకున్నానంతే."

ఆవిడ చెప్పులు గుమ్మం బయట, గోడ వారగా, ఆ ఇంటి మనిషి విడిచినట్టే జతగా ఉన్నాయి.